పదమూడో ఇంటి చైనా మాట

పనసగుడ,
టైడా స్టేషన్ మీదుగా,
నవంబరు 8.

విశాఖపట్నం చైనా భాషా దూరవిద్యా కేంద్రం కోఆర్డినేటర్ శ్రీమతి ఉమామహేశ్వరి గారికి, పనసగుడ కిరాణా దుకాణం లక్ష్మీప్రసాద్ నమస్కరించి రాసుకునే సంగతులు.

ఇక్కడ మేము కులాసా. మీరూ కులాసాగా ఉన్నారని నమ్ముతాను. మీరు పంపిన పుస్తకాల కట్ట నిన్న అందింది. దారిలో వానకు కాస్త తడిసింది. లోపల అక్షరాలు చెరిగాయో లేదో చెప్పలేను. చెరిగినా నాకు తెలిసే అవకాశం లేదు.

లక్ష్యాలు చేత్తో రాసి పోస్టులో పంపాలని మీరు పెట్టిన నియమం నాకు బాగా నచ్చింది. ఇక్కడ ఫోన్ సిగ్నల్ కావాలంటే రైలు కట్ట దాకా దిగాలి. దిగేలోపు చెప్పాలనుకున్నది మర్చిపోతాను.

నా గురించి నాలుగు ముక్కలు. మాది సాలూరు దగ్గర పల్లపు ఊరు. ఉప్పు, సబ్బులు, పొగాకు అమ్ముకుందామని ఇరవయ్యారేళ్ల కిందట కొండెక్కాను. పనసగుడలో పన్నెండిళ్లు. నా ఇల్లు కలిపితే పదమూడు, కానీ ఎవరూ కలపరు. అందరూ గిరిజనులు, నేనొక్కణ్ణే సావుకారును. పెళ్లిళ్లకు పిలిచి కుర్చీ వేస్తారు. నేలమీద కూర్చున్నవాళ్లు హాయిగా నవ్వుకుంటుంటే నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను.

అలాంటిది మొన్న పన్నెండిళ్లవాళ్లూ కలిసి నా దుకాణానికి వచ్చారు. వాళ్లు పండించే కాఫీని ఒక దళారి పట్టుకెళ్తాడు. కిందటేడు తైవాన్ నుంచి లిన్ గారనే ఆవిడ కాఫీ రుచి చూడ్డానికి ఇక్కడికే వచ్చింది. అక్కడా చైనా భాషేనట. ఒక గుక్క తాగి, మొహం వెలిగిపోతుండగా, చాలాసేపు ఏదో చెప్పింది. మధ్యలో నిలబడ్డ దళారి దాన్ని తెలుగులోకి తిప్పి "పర్వాలేదంట" అన్నాడు. అప్పట్నుంచీ ఆ పన్నెండిళ్లలో ఒకడైన సోంబరుకు అన్నం సహించడం లేదు. "అంత పొడుగు మాట ఒక్క ముక్కెలాగైపోనాది సావుకారూ?" అని నన్ను అడిగాడు.

ఏప్రిల్‌లో ఆవిడ మళ్లీ వస్తుంది. ఈసారి మధ్యలో మన మనిషి ఉండాలని వాళ్ల కోరిక. 'మన' అన్నప్పుడు అందరూ నా వైపే చూశారు. ఇరవయ్యారేళ్లలో ఆ మాట నామీద వాలడం అదే మొదలు. ఒళ్లు తెలియక నేర్చుకుంటానని చెప్పేశాను.

మీ పత్రంలో అడిగిన ప్రకారం, నా లక్ష్యం: చైనా భాష. గడువు: ఏప్రిల్.

ఇట్లు,
తమ విద్యార్థి,
లక్ష్మీప్రసాద్.

తా.క. హార్మోనియం, తేనెటీగలు, హోమియోపతి మధ్యలో వదిలేసిన మనిషికి చైనా భాషేమిటని నా భార్య వరలక్ష్మి మిమ్మల్ని అడగమంది. ఇంగ్లీషు నేర్చుకోవచ్చుగా అని మీరడగొచ్చు. అది 1998లోనే వదిలేశాను.


విశాఖపట్నం,
నవంబరు 19.

రోల్ నంబరు 43, లక్ష్మీప్రసాద్ గారికి,

మీ లక్ష్య పత్రం అందినది. పరిశీలించి తిరస్కరించడమైనది. 'చైనా భాష' అనేది లక్ష్యం కాదు. ఆకలేసినవాడు హోటల్లో కూర్చుని 'వ్యవసాయం' అని ఆర్డరివ్వడు కదా.

కొత్తగా మొదలుపెట్టినవారు చిన్న లక్ష్యం పెట్టుకోవాలి. లెక్కపెట్టగలిగేది, మీ వల్ల అయ్యేది, తేదీ ఉన్నది అయి ఉండాలి. ఉదాహరణకు, ఫలానా తేదీకి ఇన్ని మాటలు. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని కనీసం పదిమంది ఎదుట ప్రకటించాలి. నలుగురికీ చెప్పాక వెనక్కి తగ్గడానికి సిగ్గేస్తుంది. సిగ్గు మంచి గురువు.

మీరు భయపడవద్దు. లిన్ గారు వచ్చీ రాగానే మీరు నోరు తెరిచి ఆవిడను ఆవిడ భాషలో పలకరిస్తారు. ఈ పూచీ నాది. కావాలంటే ఈ ఉత్తరం కూడా అందరికీ చదివి వినిపించండి.

ఇట్లు,
ఉమామహేశ్వరి,
కోఆర్డినేటర్.

తా.క. ఈ భాషకు నాలుగు స్వరాలు. రోజూ పొద్దున్నే గట్టిగా సాధన చేయండి. ఇరుగుపొరుగువారికి ముందుగా చెప్పి ఉంచడం మేలు.


పనసగుడ,
డిసెంబరు 24.

కోఆర్డినేటర్ గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప.

మీరు చెప్పినట్టే చేశాను. దుకాణం ముందు ఊరందరినీ కూర్చోబెట్టి, మీ ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా చదివాను. డిసెంబరు ఇరవయ్యో తేదీకి యాభై మాటలు తెస్తానని ప్రకటించాను. కొబ్బరికాయ కూడా కొట్టాను. అందరూ చాలా శ్రద్ధగా విన్నారు. మరీ అంత శ్రద్ధ ఎందుకా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

స్వరాల సాధన మొదలుపెట్టాను. నాలుగో స్వరం పైనుంచి ధబీమని కిందపడుతుంది. నేను దాన్ని పలుకుతుండగా సబ్బు కోసం వచ్చిన సుక్రు, తనను కసురుకుంటున్నాననుకుని సబ్బు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. వెనక పరిగెత్తి మూడో స్వరంలో బతిమాలాను. ఇంకా వేగంగా నడిచాడు.

ఇరవయ్యో తేదీ పొద్దున బుద్రి వచ్చింది. ఈవిడ ఊళ్లో పెద్దావిడ, మాట జారదు, జారనివ్వదు. వెనక పదిమంది ఆడవాళ్లు, ఒక బకెట్టు. "ఎన్ని తెచ్చినావు సావుకారూ?" అంది. పదకొండన్నాను. "యాభై అన్నావు గదా" అంది. అన్నాను, కానీ, అని నేను మొదలుపెట్టేలోపు బకెట్టు నా నెత్తిమీద బోర్లించారు. పేడనీళ్లు.

ఇక్కడ చైత్రంలో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్లు అడవికి వేటకెళ్తారు. వట్టి చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. ఏదో పేరుకే మిగిలిన వేట, కానీ పేడ మాత్రం నిజం. ఇది చైత్రం కాదు గదా, నేను వేటకెళ్లలేదు గదా అని మొత్తుకున్నాను. ఫలానా రోజుకు ఫలానాది తెస్తానని ఊరందరి ముందూ కాయకొట్టి చెప్పాక, దాన్ని ఇంకేమంటారో నన్నే చెప్పమంది బుద్రి.

ఇరవయ్యారేళ్లుగా ఈ ఊళ్లో నాతో గొంతెత్తి మాట్లాడినవాళ్లు లేరు మేడం. రెండు రోజులు దుకాణం తీయలేదు. సిగ్గు మంచి గురువన్నారు. గురువు బకెట్టుతో వస్తాడని చెప్పలేదు.

ఇట్లు,
రోల్ నంబరు 43.

తా.క. బకెట్టు మాదే. వరలక్ష్మి ఎరువిచ్చింది.


విశాఖపట్నం,
జనవరి 4.

లక్ష్మీప్రసాద్ గారికి,

మీ ఉత్తరం చదివి దిగ్భ్రాంతి చెందాను. మా కేంద్రం చరిత్రలో ఒక విద్యార్థిపై ఇలాంటి దాడి జరగలేదు. దీంతోపాటు ఒక హెచ్చరిక నోటీసు జతచేస్తున్నాను. పనసగుడ మహిళలకు చదివి వినిపించండి. విద్యార్థిని బెదిరించుట, తడుపుట, అతని అభ్యాసానికి భంగం కలిగించుట నిషేధమని అందులో స్పష్టంగా ఉంది. నేనే సంతకం చేసి ముద్ర వేశాను.

తప్పు లక్ష్యంలోనూ ఉంది. యాభై ఎవరు పెట్టుకోమన్నారు? జనవరికి పన్నెండు మాటలు చాలు. వాక్యాలు కూర్చడానికి పనికొచ్చే మాటలు రెండో పాఠంలో ఉన్నాయి. ఆవిడకు కాఫీ గురించి చెప్పడానికి అవి సరిపోతాయి.

ఇట్లు,
ఉమామహేశ్వరి.

తా.క. ఇది నియమాల ప్రకారం చెప్పకూడదు. పదకొండు తక్కువేం కాదు. మొదటి నెలలో మా వాళ్లెవరూ ఆరు దాటలేదు.


పనసగుడ,
జనవరి 30.

మేడం గారికి నమస్కారాలు.

ముందు శుభవార్త. పన్నెండు మాటలూ పట్టాను. పుస్తకం మొదటి పేజీలోని 'నీ హావ్' అనే పలకరింపుతో కలిపి పదమూడు. దుకాణంలో ఒక్కో డబ్బామీద ఒక్కో మాట అంటించుకుని, పంచదార తూచినప్పుడల్లా తీపి, కాఫీపొడి తీసినప్పుడల్లా కాఫీ అనుకుంటూ నేర్చుకున్నాను. గడువు రోజున బుద్రి బకెట్టుతో వచ్చింది. వరసగా చెప్పాను. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని బకెట్టు పక్కన పెట్టింది. నా జీవితంలో నేను పూర్తి చేసిన మొదటి పని అదే. వరలక్ష్మి కూడా చూసింది.

ఇక నోటీసు సంగతి. చదివి వినిపించాను. 'తడుపుట' దగ్గర ఆడవాళ్లు కాస్త నవ్వారు. బుద్రి మాత్రం ముద్రను వేలితో తడిమి, వెనకటి ఉత్తరంలో పూచీ ఇచ్చిన మేడం, ఈ మేడం ఒకరేనా అని అడిగింది. అవునన్నాను. ఆ ఉత్తరం, ఈ నోటీసు రెండూ కలిపి దాచమంది. కాగితాలంటే వీళ్లకు మంచి గౌరవం.

దుర్వార్త తరవాత మొదలైంది. మాటలు చెప్పాక లేచి లోపలికెళ్లబోతే సోంబరు ఆపాడు. వేట తెచ్చినవాడు పంచాలి గదా అన్నాడు. అడవిలో ఏం దొరికినా ఇంటికింత చొప్పున అన్ని ఇళ్లకూ పంచడం ఇక్కడి కట్టు. తెచ్చినవాడు ఒక్కడే తింటే దాన్ని దొంగతనమే అంటారు. అందుకని పన్నెండు మాటలూ పన్నెండిళ్లకు పంచారు. 'ఖాఫెయ్', అంటే కాఫీ, సుక్రు ఇంటికి వెళ్లింది. 'థియెన్', అంటే తీపి, చివరింటి కొత్త కోడలికి. 'ఖూ', అంటే చేదు, సోంబరుకు వచ్చింది. ఇంట్లో పెళ్లి పెట్టుకుని చేదెలా తీసుకెళ్లనని చాలాసేపు నసిగాడు. బుద్రికి 'బు' వచ్చింది. అంటే కాదు. ఆవిడ నోటికి ఎలాగూ అలవాటైన మాటే.

వీళ్లు వాటిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నారో చెప్పలేను. పిల్లాజెల్లా అంతా పొద్దునా సాయంత్రం తమ ఇంటి మాటను పలికి చూసుకుంటారు. పలుకు మాత్రం మీరు పుస్తకాలతో పంపిన క్యాసెట్టులో లాగే ఉంటుంది, నాకన్నా బాగా. కానీ ఎవరి మాట వాళ్లదే. నిన్న దారిలో నేను సాధనకని 'ఖాఫెయ్' అంటే సుక్రు నిలబెట్టి, అది తమ ఇంటిదని గుర్తుచేశాడు.

ఇట్లు,
మాటలన్నీ పంచేసిన,
రోల్ నంబరు 43.

తా.క. వేటాడినవాడికి తలకాయ ఇవ్వడం ఆనవాయితీ. అందుకని మొదటి మాట 'నీ హావ్' నాకు మిగిలింది. పదమూడో ఇంటి వాటా అన్నారు. ఏమైనా అనుకోండి, ఆ లెక్క వినడానికి బాగుంది.


విశాఖపట్నం,
ఫిబ్రవరి 11.

లక్ష్మీప్రసాద్ గారికి,

ఇది చాలా తీవ్రమైన విషయం. మా తొమ్మిదో నియమం ప్రకారం అధ్యయన సామగ్రిని ఇతరులకు పంచుట నిషిద్ధం. ప్రవేశం పొందినది మీరొక్కరే. ఫీజు కట్టినది మీరొక్కరే. పన్నెండు కుటుంబాలు మీ మాటలు అనుభవిస్తుంటే మీరు పరీక్షలో ఏం రాస్తారు?

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో సదరు మాటలన్నింటినీ ఆయా ఇళ్లనుంచి వెనక్కి తీసుకుని, తీసుకున్నట్టు నాకు తెలియజేయవలెను. ఇది సూచన కాదు, ఆదేశం.

ఇట్లు,
ఉమామహేశ్వరి,
కోఆర్డినేటర్.

తా.క. కఠినంగా రాశానని అనుకోవద్దు. ఈ ఏడాది నలభై ఎనిమిది మంది చేరారు. ఇప్పటికి ముగ్గురు మిగిలారు. అందులో ఇద్దరు చైనా వంటలనుకుని చేరారు. పాఠాలు అయ్యేదాకా చూసి నూడుల్స్ ఎప్పుడని అడుగుతున్నారు.


పనసగుడ,
మార్చి 9.

మేడం గారికి,

ఇక్కడి సంగతులు బాగాలేవు కాబట్టి కులాసా గురించి రాయడం లేదు.

మీ ఆదేశం ప్రకారం మాటలు వెనక్కి తీసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేను చేసి ఎరగను. సోంబరు ఏమీ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పెట్టిన కూడు తిరిగి అడుగుతారేటి సావుకారూ?" అని మెల్లగా అన్నాడు. మళ్లీ సావుకారునైపోయాను. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోకుండా ఇంటికొచ్చి, గోనెసంచుల మధ్య కూర్చుని ఏడ్చాను.

ఇంకో సంగతి కూడా దాచను. ఇప్పుడు నాకు ఏ మాటా గుర్తులేదు. డబ్బాలమీద కాగితాలను ఎలుకలు తినేశాయి. ఫిబ్రవరి మాటలు కూడా పట్టిన రోజునే పంచేశారు. తీపిని ఏమంటారో కావాలంటే చివరింటిదాకా నడవాలి. ఎండాకాలం వస్తోంది, మోకాళ్లు సహకరించడం లేదు. వారానికి ఒక్క కొత్త మాటని లక్ష్యం తగ్గించుకున్నాను. అదీ నిలవలేదు. కొండవాలు నేల మీద నీళ్లు పోసినట్టుంది నా బుర్ర సంగతి.

కాఫీ గింజలు ఎండబెట్టడం అయిపోయింది. లిన్ గారు ఏప్రిల్ పదకొండున వస్తోందని కబురు. ఊళ్లో ఎవరు ఎదురుపడ్డా ఆ తేదీయే చెప్తున్నారు. నావల్ల కాదని చెప్పేద్దామని మొన్న సాయంత్రం వెళ్లాను. నన్ను చూడగానే నాకోసం వేసిన కుర్చీ తీసేసి, జరిగి, చాపమీద చోటిచ్చారు. ఇన్నేళ్లలో మొదటిసారి నేలమీద కూర్చున్నాను. ఆ చోటు చూశాక నా నోట ఆ మాట ఎలా వస్తుంది మేడం? కూర్చుని, కల్లు తాగి, వచ్చేశాను.

ఒక విన్నపం. పన్నెండిళ్లవాళ్లనూ కలిపి ఒకే రోల్ నంబరు కింద పరీక్ష రాయనిస్తారా? అందరినీ కలిపితే ఒక మంచి విద్యార్థి అవుతాడు. వీలుకాదంటే ఈ నెల లక్ష్య పత్రం ఇదిగో. లక్ష్యం: మానేయడం. గడువు: ఈ రోజే. లెక్కపెట్టగలిగేదే, నా వల్ల అయ్యేదే.

ఇట్లు,
లక్ష్మీప్రసాద్.

తా.క. వదిలేసినవాటి జాబితాలో చైనా భాష రాసుకోవడానికి వరలక్ష్మి చోటు ఉంచిందట. పోనీ, ఆమెకైనా ఒక లక్ష్యం నెరవేరుతుంది.


విశాఖపట్నం,
మార్చి 18.

లక్ష్మీప్రసాద్ గారికి,

పన్నెండు కుటుంబాలకు ఒకే రోల్ నంబరు ఇవ్వడం కుదరదు. పరీక్ష హాల్లో కుర్చీ ఒక్కటే.

మానేయాలన్న మీ లక్ష్యం కూడా తిరస్కరించడమైనది. దాన్ని పదిమంది ఎదుట ప్రకటించినట్టు ఆధారం జతచేయలేదు. ప్రకటించని లక్ష్యం మా కేంద్రంలో చెల్లదు. కాబట్టి మీరు ఇంకా విద్యార్థే.

ఇక్కడిదాకా కోఆర్డినేటర్‌గా రాశాను. మిగతాది మామూలు మనిషిగా రాస్తున్నాను. మాటలు వెనక్కి తెమ్మని రాయడం నా తప్పు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనీ అపార్టుమెంటులోకి వచ్చి పదమూడేళ్లయింది. ఇక్కడ నన్ను 'మూడొందల రెండు' అంటారు. లిఫ్టులో అందరూ ఫోన్లు చూసుకుంటారు. నాలుగు భాషలొచ్చు నాకు, సాయంత్రం ఇంటికెళ్లాక ఒక్కదాన్లోనూ మాట్లాడే పని పడదు. నేను రేపు ఏం సాధిస్తానని చెప్పినా, సాధించకపోయినా, వచ్చి అడిగేవాళ్లు లేరు.

చైనా వంటలవాళ్లిద్దరూ కూడా మానేశారు. మీరొక్కరే మిగిలారు. మీకు ఒకే ఒక్క మాట లక్ష్యంగా పెడుతున్నాను. మీ వాటాకు వచ్చిందే, 'నీ హావ్'. ఆవిడ జీపు దిగగానే అనండి చాలు. తరవాత ఏమైనా కానివ్వండి.

ఇట్లు,
ఉమామహేశ్వరి.

తా.క. 'ఖాఫెయ్' సుక్రు గారి ఇంటిదని తెలిశాక పొద్దున కాఫీ తాగుతుంటే బెరుకుగా ఉంటోంది. ఆయన అనుమతి అడిగానని చెప్పండి.


పనసగుడ,
ఏప్రిల్ 14.

ఉమామహేశ్వరి గారికి, లక్ష్మీప్రసాద్ తలంటుకుని కూర్చుని రాసేది.

పదకొండో తేదీన లిన్ గారు వచ్చింది. సన్నగా, పెద్ద టోపీ పెట్టుకుని ఉంది. పక్కన దళారి. ఊరంతా వరసగా నిలబడింది. ముందు నేను, ఇస్త్రీ చొక్కాతో. ఆవిడ జీపు దిగింది. నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, లోపలినుంచి ఏమీ రాలేదు. మూడు వారాలుగా నిద్రలో కూడా అన్న ఒక్క మాట, అప్పుడు ఎటు పోయిందో పోయింది. వరలక్ష్మి మొహం తిప్పుకుంది. దళారి నవ్వుతూ ముందుకొచ్చాడు. నేను పక్కకు తప్పుకున్నాను. అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

సుక్రు కోడలు కాఫీ గ్లాసు తెచ్చి ఆవిడకిచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగింది. దళారి గొంతు సవరించుకుంటుండగా వరసలోంచి ఎవరో 'వోమన్ ద' అన్నారు. అంటే 'మా'. వెంటనే సుక్రు, తన ఇంటి మాట వచ్చిందని కాబోలు, 'ఖాఫెయ్' అన్నాడు. ఆ ఊపులో సోంబరు 'ఖూ' అనేశాడు. మా కాఫీ చేదు అని లిన్ గారికి మొదటి సమాచారం చేరింది. ఆవిడ గ్లాసువైపు అనుమానంగా చూసింది.

అప్పుడు బుద్రి పరిగెత్తుకొచ్చింది. సోంబరును రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి లాగి, సుక్రుకూ అతనికీ మధ్య తను నిలబడింది. ఇంకొకర్నీ, చివరింటి కోడల్నీ లాక్కొచ్చి సోంబరు తరవాత నిలబెట్టింది. మొదట్నుంచి మళ్లీ అనమని సైగ చేసింది. ఆరుగురు, ఒకరి తరవాత ఒకరు, ఎవరి ఇంటి మాట వాళ్లు అన్నారు. వోమన్ ద, ఖాఫెయ్, బు, ఖూ, హెన్, థియెన్. మా కాఫీ చేదు కాదు, చాలా తీపి. చిన్న చిన్న ముక్కలుగా నేను పోగొట్టుకున్న వాక్యం, వాళ్లందరి నోళ్లలోంచి నడిచి వచ్చింది.

ఆవిడ టోపీ తీసేసింది. గ్లాసు మళ్లీ ఎత్తి మొత్తం తాగింది. కిందటేడు లాగే, మొహం వెలిగిపోతుండగా, చాలాసేపు మాట్లాడింది. అయిపోయాక దళారి "బాగుందంట" అన్నాడు. ఈసారి ఎవరూ అతన్ని చూడలేదు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ తమ ఇంటి మాట వినబడ్డవాళ్లు చెయ్యెత్తుతూనే ఉన్నారు. తీపి వచ్చిందని ఒకరు. కొండ వచ్చిందని ఒకరు. వచ్చే ఏడు అన్న మాట మాదేనని ఒకరు. రావడం అన్న మాట రెండుసార్లు వచ్చిందని ఇంకొకరు. అన్నీ కలిపి చూసుకుంటే ఆవిడ ఏమందో దాదాపు తెలిసిపోయింది. ఈసారికి రెండు బస్తాలే తీసుకెళ్లింది. వచ్చే ఏడు మాత్రం నేరుగా ఊరివాళ్లతోనే మాట్లాడతానని, సోంబరు ఇంటి గోడమీద బొగ్గుతో తన నంబరు రాసింది. సోంబరు ఆ రోజు రెండుసార్లు అన్నం తిన్నాడు.

ఆవిడ జీపెక్కబోతుంటే బుద్రి బకెట్టు తెచ్చింది. ఇటుకల పండగ కూడా అప్పుడే. నేను పారిపోలేదు. ఇస్త్రీ చొక్కా విప్పుదామనుకున్నాను, టైం ఇవ్వలేదు. తల మీదనుంచి కాళ్లదాకా కారుతుండగా, మనసులో ఎప్పట్నుంచో ఉన్నది అడిగాను. ఇరవయ్యారు పండగలు చూశాను, వాటిలో ఒక్కదానిలోనూ నా మీద ఎందుకు చల్లలేదని.

"పైవోళ్ల మీద సల్లుతామేటి, పాపం గదా" అంది బుద్రి. "మా ఓడి మీదే సల్లుతాం."

మేడం, నాకు కన్నీళ్లొచ్చాయి. పేడనీళ్లలో ఎవరికీ కనబడలేదు. ఇంతకాలం వాళ్లు నా మీద చల్లలేదని మర్యాద అనుకున్నాను. డిసెంబరులో మొదటిసారి చల్లినప్పుడు రెండు రోజులు తలుపులేసుకుని ఏడ్చాను. వాళ్లు నన్ను లోపలికి రమ్మన్నారని అర్థం కాని మనిషికి చైనా భాష ఏం వస్తుంది చెప్పండి.

అప్పుడు వచ్చింది ఆ మాట. జీపు కదులుతుండగా, నోట్లోకి పేడనీళ్లు పోతున్నా ఖాతరు చేయకుండా, గట్టిగా 'నీ హావ్' అన్నాను. వెళ్లేవాళ్లతో అనే మాట కాదని నాకూ తెలుసు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి తిరిగి 'నీ హావ్' అంది. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

పరీక్షకు రాను. నాకు వచ్చినవి మూడు మాటలు, వాటిలో రెండు ఇంకొకరివి. వచ్చే ఏటి లక్ష్యం ఊరంతా కలిసి పెట్టుకున్నాం. ఇంటికి ఇరవై మాటలు, పదమూడిళ్లు. అవును, పదమూడు. బుద్రే లెక్కపెట్టింది.

ఇట్లు,
పనసగుడ లక్ష్మీప్రసాద్.

తా.క. 1. పొద్దున కాఫీ తాగడానికి సుక్రు మీకు అనుమతిచ్చాడు.

తా.క. 2. పండగ అయిపోయినా బుద్రి ఇంటి వసారాలో ఒక బకెట్టు అలాగే ఉంది, అడ్డాకులు కప్పి. ఎవరి కోసమని అడిగాను. దాచమన్న కాగితాలు తెమ్మని, మీ నవంబరు ఉత్తరం మళ్లీ చదివించుకుంది. లిన్ గారు వచ్చీ రాగానే నేను పలకరిస్తానని, ఈ పూచీ నాదని అందరి ముందూ మీరన్నారు. నేను పలకరించింది వెళ్లిపోయేటప్పుడు. ఒప్పుకోదట. వట్టి చేతులతో మిగిలింది మా ఓడొక్కడే కాదు, ఆ మేడం కూడా అంటోంది. విశాఖలో పొద్దున కిరండోలు ప్యాసింజరెక్కి టైడాలో దిగండి. ఊరంతా స్టేషనుకు వస్తాం. చాపమీద చోటు ఉంచాం. పాత చీర కట్టుకు రండి.